హమూర్ తలకాయ

ఆకలి రుచెరగదంటారు. ఆ మాట అన్నవాడు నెల రోజులు ఉత్త పప్పన్నం తిని ఉండడు. ఇరాకీ సైన్యం కువైట్‌లో దిగి నలభై రోజులైంది. మిర్కాబ్‌లోని మా హోటల్ షట్టర్ సగమే ఎత్తి, ఉన్న బియ్యం ఉన్నవాళ్ళకు వండి పెడుతున్నాను. ఆ రోజు మాత్రం నాకొక హమూర్ చేప దొరికింది. పడవల్లో పనిచేసే బెంగాలీ ఒకడు రెండు పాలపొడి డబ్బాలకు ఇచ్చాడు.

మా రాయచోటికి సముద్రం లేదు. చేపంటే చెరువు చేపే. ఈ హమూర్ మొహం ఇక్కడికొచ్చాకే చూశాను. పులుసు మాత్రం మా అమ్మది. మా చెట్టు చింతపండు, మా చేని ఎండుమిరపకాయలు, వేయించి దంచిన మెంతులు. చేప ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు, గిన్నెను గుడ్డతో పట్టుకుని తిప్పాలి. డబ్బా అడుగున మిగిలిన చింతపండంతా ఆ రోజే నానబెట్టేశాను. ఇంక దాచుకునేది దేనికి? మర్నాడు పొద్దున్నే బస్సు. బస్రా, బాగ్దాద్, అమ్మాన్, అక్కడి నుంచి బొంబాయికి విమానం. జాబితాలో మా ఇద్దరి పేర్లూ రాయించాను, ఖాసిం వలి, మస్తాన్ బీ అని.

మస్తాన్ బీ నా భార్య. జహ్రాలో మంచం పట్టిన ఒక ముసలి మామా దగ్గర పని. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు. బస్సు సంగతి కబురు చేస్తే "సూస్తాలే" అని జవాబొచ్చింది. ఆ మాటకు అర్థం నాకు పన్నెండేళ్ళ కాపురంలో బాగానే తెలిసింది. అయినా మనిషికి ఆశ చావదు కదా.

మధ్యాహ్నం రాజయ్య లారీ వచ్చి ఆగింది. రాజయ్యది జగిత్యాల. అమ్ఘరా తుక్కు యార్డులో డ్రైవరు, మాతోపాటే అదే బస్సుకు వస్తున్నాడు. పక్క సీట్లోంచి మస్తాన్ బీ దిగింది. చేతిలో సంచీ లేదు. ఆ ఉత్త చేతులు చూడగానే నాకు సంగతి అర్థమైంది.

"మూడు జాగల ఆపిన్రు వలీ భాయ్. నీ పులుసు వాసనకు పానం లేసొచ్చింది," అంటూ రాజయ్య కూర్చున్నాడు.

మా హోటల్లో ఒక రివాజుంది. ఇంటికి పోయేవాడి ఆఖరి భోజనంలో చేప తల అతనిది. సెలవు దొరికిందని చెప్పడానికి ముందే తలకాయ ఎప్పుడని అడిగేవాళ్ళు. నేను తలను మస్తాన్ బీ పళ్ళెంలో వేశాను. ఆమె దాన్ని తీసి నా పళ్ళెంలో పెట్టింది.

"పోయేటోళ్ళకు గదా తలకాయ. నువ్వు తిను."

"నీ పేరు గూడా రాయించినా."

"మామాను ఇడ్సిపెట్టి యాడికొచ్చేదయ్యా? కొడుకులు లండన్‌లో చిక్కుకుపోయిరి. పూటకు రెండుసార్లు పక్కకు తిప్పకుంటే వీపంతా పుండ్లు పడతాది. గుక్కెడు నీళ్ళు తాపేదానికి మనిషి లేదు."

"మనకు హుమేరా లేదా? తొమ్మిదేండ్ల పిల్ల. మీ అక్కోళ్ళింట్లో రేడియో కాడ కూసోని ఉంటాది."

"అందుకే నువ్వు పోతాండేది."

నిజానికి నాకు కోపం రావాలి. రాలేదు. కోపానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి, అది ఈ నలభై రోజుల్లో అయిపోయింది. రాజయ్య తన పళ్ళెం తీసుకుని గోడ వైపు తిరిగాడు.

"నాకు తోక ముక్క మస్తు," అన్నాడు మెల్లగా.

తినడం మొదలుపెట్టాను. చెంప కండ వెన్నలా ఊడి వచ్చింది. పులుపు నాలుకకు తగలగానే అమ్మ, ఇల్లు, హుమేరా అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందని చెబుదామంటే ఎవరూ అడగలేదు.

ఒక పక్క తిన్నాక తలను తిప్పి ఆమె పళ్ళెంలో పెట్టాను.

"ఈ పక్క నీది."

"నేను పోయేదాన్ని కాదంటి గదా."

"రేపు కాదులే. ఈ హోటల్లో తలకాయ తిని ఇంటికి పోకుండా ఉన్నోడు ఇంతవరకు లేడు. తిను."

 ఆమె కొంగు నడుముకు దోపుకుని తినడం మొదలుపెట్టింది. ఎప్పుడూ ముళ్ళంటే విసుక్కునే మనిషి, ఒక్కొక్క ఎముకా చీకి పళ్ళెం అంచున పెట్టింది. ముల్లు లేని ముక్కలు రెండు మామాకు డబ్బాలో సర్దుకుంది. లేచే ముందు పళ్ళెం నా వైపు జరిపింది.

"సూసుకో, ఏమన్నా మిగిలిందా? తలకాయలో నా సగం నేను తినేసినానని హుమేరాకు చెప్పు."