కాస్త షుగర్

"ముందు నువ్వు కూర్చో, ఆ మిషన్ సంగతేంటో చూద్దాం," అన్నాడు భర్త. కూరలో ఉప్పయినా, బాత్రూంలో వేడినీళ్లయినా, కొత్తగా కొన్న నిచ్చెనయినా ఆ ఇంట్లో ముందు ఆమె పరీక్షించాకే ఆయన దాకా వెళ్లేది. అందుకే కళ్ల క్లినిక్‌లోనూ ఆమే గడ్డం ఆనించి కూర్చుంది. కంటి లోపలి ఫోటో తీసి, షుగర్ వల్ల కన్ను దెబ్బతిందో లేదో ఏఐతో నిమిషంలో తేల్చేస్తారట. చీటీ మాత్రం ఆయన పేరునే రాయించారు. ఇంట్లో షుగర్ పేషెంటు ఆయనే కదా! ఆమెకూ ఉంది, నాలుగేళ్లుగా. కాకపోతే ఆయనది జబ్బు, ఆమెది 'కాస్త షుగర్'.

రిపోర్టు వచ్చింది. కంటి లోపల రక్తపు చుక్కలున్నాయి, వారంలోగా డాక్టర్ని కలవాలి. పైన తన పేరు చూసుకుని ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"మీరింకా మిషన్ ముందు కూర్చోనే లేదు కదండీ," అందామె.

"ఏఐ అంటే ఏమనుకున్నావ్? మనిషిని కూర్చోబెట్టి చూడ్డానికి అదేమైనా పాతకాలం మిషనా?"

నంబరు తప్ప మొహం చూడని ఆపరేటరమ్మ అప్పటికే ఇంకొకరిని పిలిచేసింది.

ఇక ఇంట్లో చూడాలి ఆయన వైభవం! నల్లద్దాలు పెట్టుకుని సోఫాలో పడుకున్నాడు. మంచినీళ్లు కనబడవు, రిమోట్ కనబడదు. అత్తగారు కళ్లొత్తుకుంటూ, "వాడి చూపు పోతుంటే నువ్వేం చూస్తున్నావమ్మా?" అంది. ఏం చూస్తోంది? ఆయన మాత్రల టైము చూస్తోంది, కంచంలో అన్నం కొలత చూస్తోంది, పాదాల మీద పుండేమైనా లేచిందేమోనని వేలు వేలూ చూస్తోంది. తన మాత్రలు మాత్రం గుర్తొచ్చిన రోజు వేసుకుంటుంది.

నాలుగో రోజు ఆయనకు పేపరు చదివి వినిపిస్తోంది.

"మధ్యలో అక్షరాలు మింగేస్తున్నావేం? సరిగ్గా చదువు!"

ఆమె మింగడం లేదు. వాక్యం నడుమ నల్లటి నలక ఒకటి తేలుతోంది. అది కిటికీ అద్దం మీది మురికనుకుని పది రోజులుగా అద్దాన్ని తుడుస్తోంది. అప్పుడు వెలిగింది, ఆ రక్తపు చుక్కలు ఎవరివో. నాకు కళ్లు పోతే వీళ్లకి వంటెవరు చేస్తారన్నది ఆమెకు మొదట వచ్చిన ఆలోచన. ఆ ఆలోచన మీద ఒళ్లు మండిపోయింది. ఆయనతో వాదించడానికి కూడా ఓపిక లేక, మర్నాడే డాక్టర్ దగ్గరికి బయల్దేరదీసింది.

డాక్టరమ్మ ఆయన కళ్లలోకి లైటు వేసి చూసింది. "భేషుగ్గా ఉన్నాయి. ఈ ఫోటో మీది కాదండీ."

"నేను ముందే అనుకున్నా, ఆ మిషన్ శుద్ధ దండగని!" నల్లద్దాలు జేబులో పడేసి ఆయన గుమ్మం దాకా నడిచేశాడు. "పదవే, ఆకలేస్తోంది."

ఆమె వెళ్లి ఖాళీ అయిన కుర్చీలో కూర్చుంది.

"ఫోటో నాదండీ. కళ్లు నావి."

డాక్టరమ్మ రెండు కళ్లూ చాలాసేపు చూసింది. "సమయానికొచ్చారు. లేజర్ చేస్తే ఉన్న చూపు నిలబెట్టుకోవచ్చు. ఇంకో ఆర్నెల్లు ఆగుంటే చెప్పలేను." రిపోర్టు మీద పేరు కొట్టేసి, "పేషెంటు పేరు?" అంది.

గుమ్మం దగ్గర నుంచి ఆయన అలవాటుగా తన పేరు చెప్పబోయాడు. ఆమె గొంతు పెంచి, ఒక్కో అక్షరం విడివిడిగా, తన పేరు చెప్పింది.

"మరి ఈయన?"

ఆమె హ్యాండ్‌బ్యాగు తీసి ఆయన చేతుల్లో పెట్టింది.

"నాకు తోడొచ్చారండీ."