పలకని బండ

సిరాజుద్దీన్ బండను మూడుచోట్ల సుత్తితో తట్టాడు. నడుమ ఒకసారి, రెండు కొసల్లో ఒక్కోసారి. మంచి బండైతే కంచు చెంబులా ఖంగుమంటుంది. ఇది తడి మట్టిగోడను గుద్దినట్టు దబ్బుమంది. సుద్దముక్కతో దాని మీద అడ్డగీత గీశాడు.

జమ్మలమడుగు రోడ్డులోని ఆ బండల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా అతని పని అదే. రాతిదుమ్ముకు ఎడమకన్ను మసకబారినా పనికి లోటు రాలేదు. కన్ను బండ పైనే ఆగిపోతుంది. చెవి లోపలికి పోతుంది. భార్య ఖైరున్నీసా దగ్గులోనూ ఆ చచ్చు చప్పుడే విని ప్రొద్దుటూరుకు తీసుకుపోయాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదని డాక్టరు నవ్వి పంపాడు. నాలుగు నెలలకు కనబడింది. అప్పటికి చేసేదేమీ లేకపోయింది. చూపించమని అడిగేవాళ్లంటే అతనికి అప్పటినుంచీ మంట.

కొత్త సూపర్‌వైజరు విష్ణువర్ధన్ వచ్చి సుద్దగీతను బూటుతో తుడిచాడు.

"ఏం మామా, ఏమంటాంది బండ? బువ్వ తినిందంటనా?"

లోడు ఎత్తే బాబ్జీ పళ్లికిలించాడు.

"పగిలింది సారూ. బడి మెట్లకు పనికిరాదు."

"యాడ? చూపీ."

"కనపడదు. ఇనపడతాంది."

"ఒంటికన్ను పెట్టుకోని నాకు చెప్తాండావా? ఈ వారంలో ఇది తొమ్మిదోది. ఈ పొద్దు పులివెందుల బడికి పోవల్ల. పగులు చూపీ, లేదంటే రేపట్నుంచి రావాకు."

సిరాజుద్దీన్ బకెట్టు తెచ్చి బండ నిండా నీళ్లు పోశాడు. నల్లరాయి అద్దంలా మెరిసింది. పగులు నీళ్లు తాగుతుంది, అన్నిటికంటే చివర ఆరుతుంది. ఓపిక ఉంటే కన్ను కూడా దాన్ని చూడగలదు.

"ఆరనీ సారూ. అర్ధగంట."

"నీ అర్ధగంట కోసం లారీ నిలబెట్టల్లనా? కడిగినాక ఇంకా బాగుంది గదప్పా. ఇంక పో మామా. సుత్తి ఫ్యాక్టరీది, ఆడ పెట్టిపో."

పిడి అతనిదే. తుమ్మకొమ్మ చెక్కి తనే బిగించుకున్నాడు. బొటనవేలు ఆనేచోట గుంట పడింది. అయినా సుత్తిని తడి బండ మీదే పెట్టాడు.

"కండ్లు రెండూ బాగుండాయి గదా సారూ. కూసోని చూడు."

టిఫిన్ డబ్బా తీసుకుని గేటు దాటాడు. కాసేపటికి రోడ్డు మీద జమ్మలమడుగు బస్సు ఆగి, కదిలిపోయింది.

మిగతా బండలు లారీకెక్కించి బాబ్జీ దీనికోసం వచ్చేసరికి, ఎండకు రాయంతా తెల్లబారింది. వెంట్రుకంత తడిగీత ఒకటి మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు నల్లగా మిగిలింది.

"ఎత్తరా," లారీ దగ్గరనుంచి విష్ణువర్ధన్ కేక.

బాబ్జీ వంగలేదు. గీతకు అడ్డంగా సుత్తి పడివుంది, పిడి మీద బొటనవేలి గుంటతో.