ఫోను వెనకాల ఇడ్లీ రేకు

ముందుగా ఒక మనవి. నా మాటలను కాగితం మీద పెడుతున్న చేతికి అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తు ఉండవలసిన చోట లేకపోయినా, అక్కర్లేని చోట ఉన్నా కోప్పడకండి. ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ మధ్య ఆవిడ లేచి వెళ్ళి సాంబారు కలిపి వస్తుంది కాబట్టి నా కథ కాస్త నిదానంగా నడుస్తుంది. కాగితం మీద పసుపు మరక కనిపిస్తే అది కూడా ఆవిడదే.

నేను ఒక ఇడ్లీ రేకుని. నాలుగు గుంతలు, నడుమ ఒక చిల్లి. అల్యూమినియం దానిని. ఇడ్లీ రేకు కాక ముందు ఏమై ఉంటానో నాకు తెలియదు. ఎవరింట్లోనో చెంబునై ఉండవచ్చు, ఏ బస్సు తలుపుకో పిడినై ఉండవచ్చు. కరిగించి పోతపోసేటప్పుడు అవన్నీ మరిచిపోయాను. మనుషులు అలా మరిచిపోలేరు పాపం, అందుకే కథలు రాస్తారు.

నాతోపాటు ఇంకో అయిదుగురు అక్కచెల్లెళ్ళు ఒకే కడ్డీకి గుచ్చుకుని, ఒకే పాత్రలో కూర్చుని, నరసన్నపేటలో ఒక కొత్త జంట ఇంటికి కాపురానికి వెళ్ళాం. భార్య పేరు గవరమ్మ. వీధి అరుగు మీద పొయ్యి పెట్టి టిఫిను అమ్మేది. భర్త చట్నీ రుబ్బేవాడు, నీళ్ళు మోసేవాడు, వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పేవాడు. మూడోది మాత్రమే మనస్ఫూర్తిగా చేసేవాడు. ఆయన పేరు తరవాత చెబుతాను. ఎందుకు తరవాతో అది కూడా తరవాతే.

నా అంచు ఒక వైపున పైకి మడతపడి ఉంటుంది. ఎలా పడిందో గవరమ్మకూ నాకూ ఇంకొకరికీ తెలుసు. ఆ మడతతో నేను పాత్రలో సరిగ్గా కూర్చోలేకపోయాను. నా గుంతల్లో ఇడ్లీలు ఒక పక్కకు ఒరిగి ఉడికేవి. ఏటవాలు ఇడ్లీ తినడానికి జనం సిద్ధంగా లేరు. నన్ను గోడకు తగిలించారు. అక్కచెల్లెళ్ళు రోజూ ఆవిరి స్నానాలు చేస్తుంటే నేను బల్లులతో కాలక్షేపం చేశాను.

ఏళ్ళు గడిచాయి. గవరమ్మ భర్త పోయాడు. ఆ తరవాతే ఆవిడ మధ్యాహ్నాలు అంగన్‌వాడీ గదిలో పెద్దవాళ్ళకు నడిచే చదువుల తరగతికి వెళ్ళింది. అరుగు మీది బోర్డును అంతకాలం ఆయనే ఎవరిచేతో రాయించేవాడు. ఇప్పుడు తానే రాయాలని పట్టుపట్టింది. అందరూ ముందు తమ పేరు నేర్చుకుంటారు. గవరమ్మ ముందు 'ఇడ్లీ' నేర్చుకుంది. నేను ఆనందంతో గోడ మీద టంగుమన్నాను. గాలి అనుకున్నారు.

ఇంతలో కూతురి కూతురు ఝాన్సీ చదువు కోసం అమ్మమ్మ దగ్గరికి వచ్చింది. తొమ్మిదో తరగతి. ఒక రోజు ఎగురుకుంటూ బడి నుంచి వచ్చి, "అమ్మమ్మా! పెద్ద పెద్ద రచయితలు ఫోన్లో కథలు రాయడం నేర్పుతారంట. మా బడి నించి నన్ను రాసుకున్నారు!" అంది.

"ఫోన్లో కథలేటే? మనం సెప్పుకునీవి సాలవేటి?" అంది గవరమ్మ. అన్నదే గాని, సాయంత్రానికల్లా వీధి వీధంతా చెప్పి వచ్చింది.

ఝాన్సీకి వచ్చిన రచయిత పరాంకుశం గారు. హైదరాబాదులో ఉంటారు. నాలుగు బడుల పిల్లలకు ప్రతి ఆదివారం పొద్దుట ఫోనులో పాఠం. మొదటి ఆదివారం ఝాన్సీ ఫోనును డబ్బాకు ఆనించింది, జారింది. గుమ్మడికాయకు ఆనించింది, దొర్లింది. మాటిమాటికీ ఫోను వెల్లకిలా పడేది.

"ఝాన్సీ, మీ ఇంటి దూలం చాలా బాగుందమ్మా. నువ్వెక్కడున్నావు?" అన్నారు సారు.

పిల్లలందరూ నవ్వారు. ఝాన్సీకి ఏడుపొచ్చింది. గవరమ్మ ఇల్లంతా కలియజూసి, గోడ మీద నన్ను చూసింది. తీసి ఉప్పు జాడీకి ఆనించి నిలబెట్టింది. నా మడత అంచులో ఫోను అడుగు కూర్చుంది చూడండి, ఆహా! ఆ మడత ఫోను కోసమే పడినట్టు అతుక్కుపోయింది. నన్ను పనికిరానిదాన్ని చేసిన సొట్టే నాకు ఉద్యోగం ఇచ్చింది.

అలా నేను సాహిత్యంలో అడుగుపెట్టాను. ఒక్కటే లోటు. నేను ఉండేది ఫోను వెనకాల. పాఠమంతా వినేదాన్ని గాని ఒక్క ముఖమూ కనిపించేది కాదు. సారు దగ్గు వినిపించేది, ఆయన పిల్లి అరుపు వినిపించేది. సారు ఫోనులో తన గొంతు ఆపే మీట నొక్కేసి మాట్లాడుతుంటే పిల్లలు "సార్, వినబడట్లేదు, సార్!" అని అరిచే అరుపులు వినిపించేవి. అంత చదువుకున్నాయన ఆ ఒక్క మీట మాత్రం ఎప్పటికీ నేర్చుకోలేదు. నాకు ఆయనంటే అందుకే అభిమానం.

ఒక ఆదివారం ఒక పిల్ల తన కథ చదువుతూ ఆగింది. వెనక గుమ్మం తెర చాటు నుంచి ఆడగొంతు ఒకటి తరవాతి వాక్యం అందించింది. సారు ఆ గొంతును పలకరించారు.

"తెర గారికి నమస్కారం. మీ కథ చాలా బాగుంది. మా అమ్మాయి కథ ఇంకోసారి వింటాం."

ఆ రోజే నియమం పెట్టారు. చివరి ఆదివారం అందరూ తమ ఇంట్లో ఒక వస్తువు ఆత్మకథ రాసి చదవాలి. ఆ వస్తువును అందరికీ చూపించాలి. బాగున్న వాటిని పుస్తకంగా అచ్చు వేస్తారు. పెద్దవాళ్ళను ఏమీ అడగకూడదు. చదివేటప్పుడు పెద్దవాళ్ళ గొంతు ఒక్కసారి వినిపించినా ఆ కథ పుస్తకంలోకి ఎక్కదు.

అచ్చు అన్న మాట గవరమ్మ చెవిన పడింది. ఆ ఇంట్లో రేషన్ కార్డు మీద తప్ప ఎవరి పేరూ ఎక్కడా అచ్చు కాలేదు. మనవరాలి పేరు పుస్తకంలో చూడాలి. దానికోసం ఏమైనా చేస్తుంది. కానీ చెయ్యాల్సింది ఏమిటో తెలుసా? మాట్లాడకుండా ఉండడం! వీధి ఈ చివర నుంచి ఆ చివరికి వినిపించేలా "వేడి వేడి ఇడ్లీ" అని పిలిచే మనిషి!

ఆ ఆదివారం నుంచి పాఠం నడిచినంతసేపూ గవరమ్మ సైగలతో వ్యాపారం చేసింది. సాంబారు అయితే చేత్తో వాన కురిసినట్టు చూపించేది. చట్నీ అయితే రుబ్బినట్టు చెయ్యి తిప్పేది. ఆటో నడిపే సింహాచలం నోరు తెరుచుకుని చూశాడు.

"ఏటత్తా, మూగనోము పట్టినావేటి? ఏ దేవుడికి?"

గవరమ్మ లోపల ఉన్న ఫోను వైపు చూపించి దండం పెట్టింది. సింహాచలం కూడా చెప్పులు విప్పి అటు ఒక దండం పెట్టి, ఇడ్లీ పొట్లం పట్టుకుని వెళ్ళాడు.

చివరి ఆదివారం వచ్చింది. ఝాన్సీ వంతు వచ్చింది.

"నేను ఒక ఇడ్లీ రేకుని," అని మొదలుపెట్టింది.

నాకు ఒళ్ళు జలదరించింది. నేనా? నా గురించా? నా మీద ఫోను గజగజలాడింది.

"ఆగమ్మా, ముందు వస్తువు చూపించు," అన్నారు సారు.

ఝాన్సీ చటుక్కున నన్ను తీసింది. ఫోను వెల్లకిలా పడింది.

"మళ్ళీ దూలమే!" అన్నారు సారు.

అప్పుడు గాని ఆ పిల్లకు తెలియలేదు. నన్ను చూపించాలంటే ఫోను నిలబడాలి, ఫోను నిలబడాలంటే నేను దాని వెనక ఉండాలి! ఝాన్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గవరమ్మ అరుగు మీది నుంచి పరుగున వచ్చింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, పెదవులు బిగించి, ఫోనును రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఝాన్సీ నన్ను ముందుకు పట్టుకుంది.

అప్పుడు చూశాను! ఫోను నిండా అగ్గిపెట్టెలంత ముఖాలు, జడలు, పళ్ళు! సారుకి మీసం ఉంటుందని నేను అనుకోలేదు. పిల్లి ఆయన భుజం మీదే ఉంది.

"ఇప్పుడు ఫోను దేనికి ఆనించావమ్మా?" అన్నారు సారు.

"స్టాండండి," అంది ఝాన్సీ.

చదవడం మొదలుపెట్టింది. ఎంత బాగా రాసిందో! నన్ను వీరనారిని చేసింది. తరవాత నా మడత సంగతి వచ్చింది. తాతయ్య నన్ను సైకిలు వెనక కట్టుకుని వెళ్తుంటే ఒక ఆంబోతు తరిమిందట. తాతయ్య గాలిలా తొక్కాడట. కాలవ గట్టు మీద సైకిలు గాల్లోకి లేచిందట. ఆంబోతు కొమ్ము ఆయనకు తగలబోతే నేను అడ్డంపడ్డానట. అలా వంగిందట నా అంచు.

స్టాండు వణకడం మొదలుపెట్టింది. ఫోనులో ముఖాలన్నీ ఊగాయి. గవరమ్మ పెదవులు కొరుక్కుంది, బుగ్గలు పూరించింది, కళ్ళు మూసుకుంది. "తాతయ్య సైకిలు మీద సింహంలా..." అని ఝాన్సీ అనేసరికి ఇక ఆగలేదు.

"ఓలమ్మో! అబద్దం! ఆ మనిసికి సైకిలు తొక్కడవే రాదు!"

పిల్లి సారు భుజం మీది నుంచి దూకేసింది. ఝాన్సీ చేతిలో నేను చల్లబడిపోయాను. గవరమ్మ నాలుక కరుచుకుంది. పుస్తకం, అచ్చు, పేరు, అన్నీ ఒక్క నోటి మాటతో పోయాయి.

"ఎవరది?" అన్నారు సారు.

"స్టాండు, సార్," అంది ఝాన్సీ, ఏడుపు గొంతుతో.

"బాబూ, నాను అమ్మమ్మని," అంది గవరమ్మ. "తప్పు నాదే. గుంటది నన్నేటీ అడగనేదు, నాను ఏటీ సెప్పనేదు. దాని కతని తియ్యకండి బాబూ. కావాలంటే నన్ను బయటికి పొమ్మనండి."

సారు గట్టిగా నవ్వారు. ఎప్పటిలాగే పొరపాటున గొంతు మీట నొక్కేయడంతో ఆయన పెదవులు కదలడమే కనిపించింది. పిల్లలందరూ "వినబడట్లేదు, సార్!" అని అరిచారు. ఆ కాసేపు గవరమ్మకు ఎలా గడిచిందో నేను చెప్పలేను. చివరికి మీట దొరికింది.

"ఏమంటున్నానంటే, పెద్దవాళ్ళు చెప్పి ఉంటే ఝాన్సీ తాతయ్యను సైకిలు ఎక్కించేదా? అమ్మమ్మే అబద్ధమని అరిచారు. ఈ కథ పూర్తిగా ఆ పిల్లదే అనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఇంకెవరూ ఇవ్వలేరు. కథ పుస్తకంలోకి వెళుతోంది. ఆంబోతుతో సహా."

పిల్లలు కేకలు పెట్టారు. ఝాన్సీ నన్ను పట్టుకుని గెంతింది. నా చిల్లిలోంచి గవరమ్మ నవ్వు చూశాను.

"మరి నిజంగా అంచు ఎలా వంగింది, స్టాండు గారూ?" అన్నారు సారు.

గవరమ్మ చెప్పింది. ఝాన్సీ తల్లి పుట్టినప్పుడు తాను మంచం మీద ఉంది. 'ఇడ్లీ వెయ్యడం ఎంత పని' అని భర్త పొయ్యి దగ్గర కూర్చున్నాడు. తడిబట్ట పరవలేదు, నూనె రాయలేదు. ఇడ్లీలు నాకు అంటుకుపోయాయి. చెంచాతో గోకాడు, రాలేదు. బతిమాలాడు, రాలేదు. నన్ను బట్టలుతికే బండ మీద దబదబా బాదాడు. అంచు వంగింది గాని ఇడ్లీలు ఊడలేదు. చివరికి గోకినదంతా ఉల్లిపాయలతో పోపు పెట్టి వడ్డించాడు. తిన్నవాళ్ళు మర్నాడు కూడా అదే కావాలని వచ్చి కూర్చున్నారు. గవరమ్మ మంచం మీద పొట్ట పట్టుకుని నవ్వింది.

"తాతయ్య గారి పేరేంటండీ?" అని ఎవరో పిల్ల అడిగింది.

గవరమ్మ సిగ్గుపడి, ఝాన్సీ వైపు చూసింది. భర్త పేరు నోటితో అనడం ఆవిడకు అలవాటు లేదు. ఉన్నప్పుడూ అనలేదు, పోయాకా అనలేదు. ఝాన్సీ చెప్పబోతుంటే సారు ఆపారు.

"వద్దు. స్టాండు గారికి అదే ఇంటిపని. ఇప్పుడు చెప్పినది, ఆ పేరుతో సహా, మీరే రాసి పంపాలి. పెద్దవాళ్ళ సాయం తీసుకోకూడదు."

"నాకంటే పెద్దోలు ఈ ఈదిలో ఎవులున్నారు బాబూ!" అంది గవరమ్మ.

ఆ ఇంటిపనే ఇది. రాసేటప్పుడు ఆవిడ నన్ను ఎదురుగా పెట్టుకుంది. 'నేను' అని రాసినచోటల్లా నా వైపు చూసింది. రేకు నోటితో అయితే ఏ పేరైనా అనవచ్చునని ఆవిడకు నిన్ననే తోచింది. ఆ పేరు రాసి చాలాసేపు చూసుకుంది. సాంబారు అడుగంటింది. అయినా లేవలేదు.

నన్ను బండ మీద బాదినవాడి పేరు పోలినాయుడు.

రాసినది: పొట్నూరు గవరమ్మ, వయసు అరవై నాలుగు, ప్రస్తుతం నరసన్నపేటలో, టిఫిను అరుగు ఇంట్లో ఉంటున్నాను.