మంచం కింద కొత్తకోడలు

కండక్టరమ్మ రిటైరయింది గాని ఆమె గొంతు కాలేదు. కిక్కిరిసిన బస్సుల్లో "ముందుకు జరగండి, లోపల బోలెడు ఖాళీ" అని అరిచి అరిచి సాగిన గొంతు. ఇంట్లో పాలు పొంగాయని ఆమె అంటే, వీధి చివర వాళ్లు వెళ్లి తమ పొయ్యి చూసుకునేవారు. అలాంటి మనిషి ఈ మధ్య గుసగుసగా మాట్లాడుతోందేమిటా అని పక్కింటావిడ కంగారు పడింది. జబ్బేం కాదు. మంచం కింద కుక్క ఉంది, అంతే.

వీధికుక్కల షెల్టరు వాళ్లు దాన్ని ఒక పాడుబడ్డ గోడౌనులోంచి తెచ్చి, ఇల్లు దొరికేదాకా ఉంచుకోమని ఈమెకు అప్పజెప్పారు. గోధుమరంగు ఒళ్లు, మడతపడిన చెవి. ఎవరైనా చూస్తుంటే తినదు. పిలిస్తే గోడకు అతుక్కుపోతుంది. పక్కింటావిడ దానికి కొత్తకోడలని పేరు పెట్టింది. "అత్తగారి గొంతు అలాంటిదైతే కోడలు మంచం కింద కాక ఇంకెక్కడుంటుంది వదినా" అంది.

ఇప్పటికి రెండిళ్ల వాళ్లు ముచ్చటపడి తీసుకెళ్లారు, రెండిళ్ల వాళ్లూ తిరిగి తెచ్చి దింపేశారు. "కుక్కనడిగితే చీపురుకట్టనిచ్చారమ్మా, మూల వదలదు" అన్నాడొకాయన. వెనక్కి వచ్చిన ప్రతిసారీ అది ఇంకో జానెడు గోడవైపు జరిగింది.

ఇప్పుడేమో గడువు ముంచుకొచ్చింది. సోమవారం కండక్టరమ్మకు మోకాలి ఆపరేషను. ఆ తర్వాత నడక కుదురుకునేదాకా కూతురింట్లో ఉండాలి. అల్లుడికి కుక్క వెంట్రుక తగిలితే చాలు, తుమ్ములు ఆగవు. ఈలోగా దారి దొరక్కపోతే కొత్తకోడలు మళ్లీ షెల్టరులో, అరుపుల మధ్య, ఇనుప చువ్వల వెనక. ఈసారి వెళ్తే ఇక మనుషుల్ని నమ్మదేమోనని అక్కడి డాక్టరమ్మ ముందే చెప్పింది.

సరిగ్గా ఆ వారంలో వచ్చాడు, పుస్తకాలు బైండింగు చేసే ఆయన. కుక్క కావాలట. ఇంట్లో తనూ భార్యా తప్ప ఎవరూ లేరట.

కండక్టరమ్మ వంగి, మంచం కిందికి చెయ్యి పోనిచ్చి మెడపట్టీ దొరకబుచ్చుకుంది.

"లాగకండి అక్కా."

"లాగకపోతే రాదు తమ్ముడూ. నువ్వు చూడొద్దూ?"

"చూడ్డానికేముంది. లోపల ఉందిగా."

అని మంచానికి వీపు పెట్టి నేలమీద చతికిలబడ్డాడు. సంచీలోంచి విడిపోయిన పుస్తకమొకటి తీసి, సూదిలో దారమెక్కించి కుట్టుకుంటూ కూర్చున్నాడు. చీకటి పడుతుంటే లేచి వెళ్లిపోయాడు. ఒక్కసారైనా మంచం కిందికి వంగలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కండక్టరమ్మకు ఒళ్లు మండింది.

"పిలవవు, చూడవు. పెళ్లిచూపులకొచ్చి గోడగడియారం చూసుకునే పెళ్లికొడుకులా ఉన్నావే."

"జిగురు పూసిన పుస్తకాన్ని, ఆరిందా లేదా అని తెరిచి చూస్తే అట్ట ఊడొస్తుంది అక్కా. బరువు పెట్టి మన పని మనం చూసుకోవడమే."

ఆదివారం వచ్చింది. కొత్తకోడలు ముక్కు కూడా బయటపెట్టలేదు.

"నా స్టాపు వచ్చేసింది తమ్ముడూ. ఎక్కుతావా, దిగుతావా? ఫుట్‌బోర్డు మీద వేలాడకు. గొలుసు వేసి తీసుకెళ్లిపో."

"లాక్కెళ్తే వస్తుంది. మా మంచం కింద దూరుతుంది. మంచం మారుతుందంతే."

ఆమె కుక్కను వెనక్కి తీసుకోమని డాక్టరమ్మకు చెబుదామని ఫోను తీసింది. ఆయన దారం ఉండకు చుట్టుకుంటూ అన్నాడు:

"తాళమిచ్చి వెళ్లండి అక్కా. పుస్తకాలు నొక్కే ప్రెస్సు ఆటోలో తెచ్చుకుంటా. మీరొచ్చేదాకా పనీ ఇక్కడే, పడకా ఇక్కడే."

"మీ ఆవిడ ఊరుకుంటుందా?"

"గురక బాధ తప్పిందంటుంది."

టికెట్ల సంచీని డ్రైవరునైనా ముట్టనివ్వని మనిషి ఆమె. ఊరెళ్తే తాళం పక్కింట్లో కూడా ఇచ్చేది కాదు. ఆ పాత తోలు సంచీలోనే ఉన్న తాళంచెవిని వెతుకుతున్నట్టు చాలాసేపు తడిమి, ఆఖరుకు తీసి ఆయన పక్కన నేలమీద పెట్టింది.

కాలు నయమయ్యాక చేతికర్రతో ఇంటికొచ్చింది. గడప దగ్గర "కోడలా" అని అరవబోయి నోరు మూసుకుంది. తలుపు మెల్లగా తోసింది. ఇల్లంతా జిగురు వాసన. ఆయన అదే చోట కుట్టుకుంటున్నాడు. ఆయన వీపుకు వీపు ఆనించి, చిరిగిన అట్టగుడ్డ మీద గడ్డం పెట్టుకుని నిద్రపోతోంది కొత్తకోడలు.

కర్ర చప్పుడుకు కళ్లు తెరిచింది. లేచింది. మంచం వైపు చూసింది గాని పోలేదు. నెమ్మదిగా వచ్చి కర్రను వాసన చూసి, మళ్లీ వెళ్లి ఆ వీపుకే ఆనుకుంది. కండక్టరమ్మకు మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది, అంతలోనే కళ్లు చెమర్చాయి.

"బయటికెప్పుడొచ్చింది?" అంది గుసగుసగా.

"చూళ్లేదక్కా. ఒకరోజు వీపు వెచ్చగా అనిపించింది."

సాయంత్రం ప్రెస్సు ముందుగా ఆటోలో వెళ్లిపోయింది. ఆయన సంచీ తగిలించుకుని, గొలుసు వదులుగా పట్టుకుని బయల్దేరాడు. గడప దగ్గర కుక్క ఆగిపోయింది. ఆయనా ఆగాడు, వీధివైపు చూస్తూ, వేరే పనేమీ లేనట్టు.

గుమ్మంలో ఎవరైనా ఆగితే తొందరపెట్టడమే కండక్టరమ్మకు తెలిసిన విద్య. గొంతు దురదపెట్టింది. గుమ్మం పట్టుకుని గుటక మింగింది.

కొత్తకోడలు ఒక కాలు కిందికి దించింది. కాసేపు ఆలోచించి ఇంకోటి.

ఇద్దరూ వీధి మలుపు తిరిగాక, తనకొక్కదానికే వినపడేలా అంది: "రైట్, రైట్."