పసుపు దగ్గర తీయాలా, నీలం దాకా ఆగాలా

ఎముకల ఏనుగు నల్లకోట గుమ్మం దాటేలోగా కవచాలు సిద్ధం కావాలి. కమ్మరి దగ్గర ఆరు లోహాలున్నాయి. ఎవరికి ఏది కావాలో ఇప్పుడే చెప్పాలి.

"నల్ల ఉక్కు" అన్నాడు సందీప్, రెప్పవేసేంత సేపు కూడా ఆలోచించకుండా.

"నాకు గూడ గదే" అంది నిషిత.

వెంకట సాయి పెన్సిలు కింద పెట్టేశాడు. పొద్దుటినుంచి ఇది ఐదోసారి.

కోట, ఏనుగు, కమ్మరి కొలిమి అన్నీ బీరంగూడలో ఆ అక్కాతమ్ముళ్ల ఇంటి పైగదిలో, ఒక ప్లాస్టిక్ బల్ల మీదే ఉన్నాయి. కూర్చుని ఆడే కథ అది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక వీరుడై, ఏం చేయదలచుకున్నారో చెబుతారు. బతుకూ చావూ పాచికలు తేలుస్తాయి. సాయి దాన్ని మూడేళ్లుగా సొంతంగా అల్లుతున్నాడు. ఇలాంటి ఆటలు అచ్చువేసే హైదరాబాదు కంపెనీ ఒకటి కిందటి నెల ఆడి చూసి తిప్పిపంపింది. కథ బాగుందట. కానీ కవచం దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకే లోహం తీసుకుంటున్నారట, అలాంటప్పుడు ఆరెందుకు అని అడిగారు. సరిచేసుకొస్తే ఇంకొక్కసారి చూస్తామన్నారు. ఆ ఒక్కసారి రేపే, సోమవారం పదిన్నరకి. అప్పటికీ ఇంతే అయితే మూడేళ్ల కాగితాలు అటకెక్కుతాయి.

సాయి చేయగలిగిందంతా చేశాడు. నల్ల ఉక్కు ధర రెట్టింపు చేశాడు. సందీప్ గుర్రాన్ని అమ్మి కొన్నాడు. బరువు పెంచాడు. నిషిత తిండిమూటలు పారేసి మరీ మోసింది. కొండ అవతలికి తీసుకెళ్లి దాచాడు. ఇద్దరూ కొండెక్కారు.

"అన్నా, ఫీలవ్వకు" అన్నాడు సందీప్. "అరవై రెండు పక్కకు వెట్టి నలభై ఎవడు తీస్కుంటడే?"

అతనన్న అంకెలు సాయి రాసిన పట్టికలోవి. ప్రతి లోహం పక్కనా దాని గట్టితనం ఎంతో ఒక అంకె. వేరే ఏమీ లేదు. ఉండాలని సాయికి తోచనూ లేదు. పాశమైలారంలో, ఇనుమును కాల్చి సాగగొట్టే ఒక ఫోర్జింగ్ ఫ్యాక్టరీ ల్యాబులో అతనిది ఆరేళ్ల నౌకరీ. వచ్చిన ప్రతి ముక్కమీదా వజ్రపు మొన నొక్కడం, గట్టితనం అంకె చదవడం, రాసుకోవడం. పొద్దస్తమానం ఆ అంకెతోనే బతికేవాడు కలగన్నా అదే అంకెతో కంటాడు.

ట్యాంకు నిండిందో లేదో చూడటానికి మేడెక్కిన వెంకటేశం, దిగుతూ గది గుమ్మం దగ్గర ఆగాడు. నిషితకీ సందీప్‌కీ తండ్రి. ఇరవై ఎనిమిదేళ్లు ఫర్నేసు ముందు నిలబడి రిటైరైన మనిషి. ఎండలో నిలబడితే చలేస్తుందని ఇంట్లోవాళ్లు ఆయన్ని ఆటపట్టిస్తుంటారు.

"ఏంది బిడ్డా, పొద్దుగాలకెళ్లి గదే లొల్లి?"

నిషిత చెప్పింది. ఆయన పట్టిక కాగితాన్ని చెయ్యంత దూరంలో పట్టుకుని చదివాడు. నల్ల ఉక్కు దగ్గర వేలు ఆగింది.

"అరవై రెండా? ఎర్రగ కాల్చి, నీళ్లల్ల ముంచి అట్లనే తొడిగిండ్రా?"

"కవచం కదా కాకా, ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది" అన్నాడు సాయి.

వెంకటేశం కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పురా. ఆకురాయి ఎట్లుంటది?"

"మస్తు గట్టిగుంటది. ఇనుమునే రాకుతది."

"కిందవడితే?"

సందీప్ నసిగాడు. పోయిన వారమే తాను పనిచేసే వర్క్‌షాపులో ఒకటి జారవిడిచి సూపర్‌వైజర్ చేత తిట్లు తిన్నాడు. "రెండు తునకలైతది."

"ఇగ సూడు. ఆకురాయితోటి అంగి కుట్టించుకొని ఏనుగు ముంగటికి వోతున్నవ్ నువ్వు."

నిషిత పడీ పడీ నవ్వింది. సాయి నవ్వలేదు. అతని చెవులు వేడెక్కాయి. ఇది అతనికి తెలియని సంగతి కాదు, డిప్లొమాలో చదివిందే. కానీ ల్యాబులో అతని బల్లమీదికి వచ్చే ముక్కలన్నీ నీళ్లలో ముంచాక మళ్లీ సన్నటి సెగ తగిలి, పెళుసు తగ్గాకే వస్తాయి. నీళ్లలోంచి అప్పుడే తీసిన ముక్క ఎంత పెళుసుగా ఉంటుందో అతను చేత్తో పట్టి చూసింది లేదు.

వెంకటేశం కుర్చీ లాక్కున్నాడు. తాను పనిలో చేరిన కొత్తలో ఉలులకు పదును పెట్టడం నేర్పిన ముసలాయన సంగతి చెప్పాడు. ముంచి తీసిన ఉలిని మెరిసేలా రుద్ది, మళ్లీ సన్నటి సెగకు పెట్టేవాడట. అప్పుడు దానిమీద రంగులు పాకుతూ వస్తాయి. ముందు గడ్డిపరక పసుపు, తర్వాత వంకాయ రంగు, ఆ తర్వాత నీలం. పసుపు దగ్గర తీస్తే కత్తివాటు దిగదు, కానీ గట్టి దెబ్బ పడితే పగులుతుంది. నీలం దాకా ఆగితే ఎంత దెబ్బయినా ఓర్చుకుంటుంది, కానీ పదునైన మొన దిగుతుంది.

"గట్టితనం జెర ఇడిస్తేనే ఓర్పు వస్తది" అన్నాడాయన. "ఎంత ఇడువాల్నో, గదే పనితనం."

సాయి అప్పటికే రాస్తున్నాడు. పట్టికలో ఇంకో వరస గీశాడు. ప్రతి లోహానికీ ఇప్పుడు రెండు అంకెలు, గట్టితనం ఒకటి, ఓర్పు ఒకటి. ఏ రంగు దగ్గర మంటలోంచి తీయాలో ఆడేవాడే చెప్పాలి. ఒకటి తగ్గితే రెండోది పెరుగుతుంది. కోటలో ఉన్నది గోళ్లతో చీల్చేదో, తొండంతో మోదేదో మాత్రం ఇకమీదట ముందుగా చెప్పడు.

"నల్ల ఉక్కు, పసుపు" అన్నాడు సందీప్.

"నీకు బుద్ధి రాదురా. నక్షత్ర లోహం, నీలం దాక ఆగుత" అంది నిషిత.

సాయి రెండూ పక్కపక్కనే రాసుకున్నాడు. మొదటిసారి ఇద్దరూ వేరు వేరు దారులు పట్టారు.

గుమ్మంలోంచి ఏనుగు వచ్చింది. తొండం విసిరింది. ఇరవై ముఖాల పాచిక దొర్లి పదిహేడు దగ్గర ఆగింది. సందీప్ కవచం పెంకుల్లా రాలిపోయింది. నిషిత నిలబడింది. రెండో ఆటలో గోళ్ల పిశాచి దిగింది. ఈసారి చీలికలైంది నిషిత, మీసం మెలేసింది సందీప్. మూడో ఆటకి ముందు అక్కాతమ్ముళ్లు పావుగంట పోట్లాడుకున్నారు. సాయికి ఆ పోట్లాట ఎంతసేపు విన్నా విసుగు రాలేదు.

"నాకొకటియ్యి" అన్నాడు వెంకటేశం. పట్టికలో అట్టడుగున ఉన్నదాన్ని చూపించాడు. "గీ ఉత్త ఇనుము."

"నాయినా, సస్తవ్" అన్నాడు సందీప్.

"వంగుతది. పగలది. వంగిందాన్ని ఆడనే కూసోని సుత్తెతోటి సాపు చేస్కుంట."

సాయి తలెత్తాడు. కవచాన్ని దారిలో బాగుచేసుకోవచ్చని ఈ మూడేళ్లలో అతను అనుకోనేలేదు. అప్పటికప్పుడు నియమం రాశాడు. పగిలింది పోయినట్టే. వంగింది మాత్రం, ఆడేవాడు తన వంతు ఒకసారి వదులుకుంటే మళ్లీ పనికొస్తుంది. వెంకటేశం నాలుగుసార్లు చదునయ్యాడు, నాలుగుసార్లూ సరిచేసుకున్నాడు. చీకటి పడకముందే నల్లకోట లోపలికి అడుగుపెట్టిన మొదటి వీరుడు ఆయనే.

సోమవారం హైదరాబాదులో, ఆ కంపెనీ నలుగురిని బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. గంటే సమయమని ముందే చెప్పారు. సాయి కొలిమి దాకా కథ నడిపి, ఆరు లోహాలూ మూడు రంగులూ వాళ్ల ముందు పెట్టి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

నలుగురూ పట్టిక మీదికి వంగి లెక్కలు వేసుకున్నారు. తర్వాత కళ్లజోడు ఆవిడ పాము వెండి వంకాయ రంగులో కావాలంది. పక్కనున్నతను అది ఆత్మహత్యేనన్నాడు. మూడో అతను ఇద్దరి మాటా కాదని ఇనుము మీద వేలు పెట్టాడు. ఎందుకో చెప్పమని మిగతా ముగ్గురూ అతని మీద పడ్డారు.

పన్నెండున్నరకి ఆఫీసు కుర్రవాడెవరో తలుపు తోసి, భోజనాలు వచ్చాయన్నాడు. కళ్లజోడు ఆవిడ తల తిప్పకుండా చెయ్యి ఊపి పంపేసింది. "నీలం దాకా ఆగుదామంటే వినరేం" అంటోంది పక్కవాడితో.

సాయి పాచికను వాళ్ల వైపు జరిపి, కుర్చీలో వెనక్కి వాలాడు.