రెండు అప్పీళ్ళు చూసిన పట్టీ

నేను భుజాన వేసుకునే ఒక పట్టీని. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు పట్టుగుడ్డల్ని పక్కపక్కన కలిపి నన్ను కుట్టారు. ఉండేది ఇటలీలోని ఒక నగరంలో, కోర్టు బీరువాలో. ఊరి పేరు చెప్పను, అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు.

నన్ను కుట్టినావిడ మేయర్లకు కూడా ఇలాంటివే కుట్టేది. మేయరుగారి బొజ్జ మీద ఊరేగాలని మా అందరికీ ఆశ. నాకు కోర్టు దక్కింది. కొన్నాళ్ళు చిన్నతనంగా ఉండేది కానీ ఇప్పుడు లేదు.

హత్య కేసుల్లో ఇక్కడ జడ్జీల పక్కన ఆరుగురు మామూలు మనుషుల్ని కూర్చోబెడతారు. చీటీ తీసి ఎంచుకున్నవాళ్ళు. వాళ్ళు మమ్మల్ని జందెంలా భుజం మీంచి వేసుకుని తీర్పు చెప్పే గదిలోకి వెళ్తారు. భుజం మీద పడగానే ఎంత వదులు మనిషైనా నిటారుగా కూర్చుంటాడు, అదో ముచ్చట.

నేను చెప్పేది డొమెనీకా కేసు. ఆమె ముసలివాళ్ళకు ఇంట్లో ఉండి సేవ చేసే మనిషి. ఆమె చూసుకునే అట్టీలియో అనే ముసలాయన ఇంటి బయటి మెట్ల మీంచి పడి చనిపోయాడు. ఎదురింటి గాస్పరె కిటికీలోంచి చూశానన్నాడు: "ఆమె రెండు చేతులూ ఆయన వీపు మీద ఉన్నాయి." దాంతో తోసి చంపిందని కేసు పెట్టారు. కింది కోర్టు గాస్పరెను ఎదురుగా నిలబెట్టి విని, ఆమె నిర్దోషి అంది.

అక్కడితో అయిపోయిందనుకుంటారు మీరు. ఇక్కడ ఓడిన ప్రాసిక్యూటరు కూడా అప్పీలుకు వెళ్ళవచ్చు. వెళ్ళాడు. అప్పుడు నన్ను వేసుకున్నాయన ఎర్మీనియో, ప్రతి కాగితం శ్రద్ధగా చదివే మనిషి. అందరూ చదివారు. గాస్పరె చెప్పింది టైపు చేసి ఉంది కదా, ఎనభై ఏళ్ళాయన్ని మళ్ళీ ఎందుకు తిప్పడం అనుకున్నారు. చేతులు వీపు మీద ఉన్నాయంటే తోసినట్టేగా. అది తోయడం కాదని డొమెనీకా లాయరు మొత్తుకున్నా, లాయర్లు అలాగే అంటారులే అని వదిలేశారు. ఇరవై రెండేళ్ళ శిక్ష వేశారు. ముసలి సాక్షి మీద దయతో చేసిన పని ఇంత చేటు తెస్తుందని ఎవరికి తెలుసు?

ఆఖరి తీర్పు ఇంకా రాలేదని ఆమెను జైలుకు పంపలేదు గానీ, పనిలోకి పిలిచినవాళ్ళూ లేరు. ముసలివాళ్ళున్న ఇళ్ళ తలుపులు ఆమెను చూసి మూసుకునేవి.

లాయరు రోములోని పై కోర్టుకు వెళ్ళాడు. అక్కడ సాక్షుల్ని పిలవరు, ఎవరు చంపారని అడగరు. కిందివాళ్ళు చట్టం ప్రకారం నడిచారా లేదా అన్నదే చూస్తారు. సాక్షిని కళ్ళారా చూసినవాళ్ళు వదిలేసిన మనిషిని, సాక్షి మొహం కూడా చూడకుండా ఎలా శిక్షిస్తారని తీర్పు కొట్టేశారు. వేరే జడ్జీల ముందు అప్పీలు మళ్ళీ నడపమన్నారు. జడ్జీలు మారారు, పట్టీల బీరువా మాత్రం అదే.

ఈసారి నేను లుచీల్లా అనే ఆవిడ భుజమెక్కాను. కళ్ళజోళ్ళ కొట్టు నడుపుతుంది, ఆరుగురిలో చిన్నది.

గాస్పరె వచ్చాడు. కాగితంలో ఉన్న మాటే అన్నాడు: "రెండు చేతులూ వీపు మీద ఉన్నాయండీ." కానీ ఇటలీవాళ్ళు సగం మాట చేతులతో చెబుతారు. ఆ మాట అంటూ ఆయన రెండు పిడికిళ్ళూ గాలిలో గట్టిగా బిగించి, తన గుండెల వైపు లాక్కున్నాడు.

పెద్ద జడ్జి ముందుకు వంగాడు. "మళ్ళీ చూపించండి. అది తోయడమా, లాగడమా?"

"లాగడమేనండి. చొక్కా పట్టుకుని లాగింది, ఆగలేదాయన. తోసిందని నేనెప్పుడన్నాను?"

కింది కోర్టు ఆ చేతుల్ని చూసింది. టైపు మిషన్‌కు చేతులు కనబడవు. నాకు ఒళ్ళు మండింది, అంతలోనే నవ్వూ వచ్చింది.

గదిలో తలుపు వేసుకున్నాక అందరికన్నా చిన్నవాళ్ళు ముందు ఓటు చెప్పాలి, పెద్ద జడ్జి ఆఖరున. పెద్దవాళ్ళు ముందు నోరు విప్పితే చిన్నవాళ్ళు తల ఊపేస్తారని ఆ కట్టుబాటు. మీ ఇళ్ళలో పెళ్ళిమాటలప్పుడు ఇది పెట్టి చూడండి, సరదాగా ఉంటుంది. లుచీల్లా నా అంచును వేలికి చుట్టుకుని, గొంతు సవరించుకుని, ముందు చెప్పింది. ఎవరేమన్నారో బయటపెట్టకూడదు, కాబట్టి నేనూ చెప్పను. పెద్ద జడ్జి బయటికొచ్చి ఇటలీ ప్రజల పేరిట చదివాడు: డొమెనీకా నిర్దోషి. నాకెంత హాయిగా అనిపించిందో.

బంట్రోతు మమ్మల్ని చేతి మీద వేసుకుని నడవాలోంచి తీసుకెళ్తుంటే వాళ్ళు కనిపించారు. డొమెనీకా బెంచీ మీద కూర్చుని ఉంది. ఎదురుగా గాస్పరె చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు.

"సోమవారం నుంచి మా ఇంటికి రామ్మా. నాకు తోడు ఎవరూ లేరు," అన్నాడు.

లాయరు మధ్యలో వచ్చి మెల్లగా చెప్పాడు: "ఇది ఆఖరు కాదండీ. ప్రాసిక్యూటరు మళ్ళీ రోము వెళ్తాడేమో."

"వెళ్తే వెళ్ళనివ్వయ్యా," అన్నాడు గాస్పరె. "ఆయన వెళ్ళొచ్చేదాకా నేను మెట్లు దిగొద్దా?"

డొమెనీకా లేచి ఆయన మోచేయి పట్టుకుంది.