దోవగంగమ్మ

బొగ్గు బస్సుకు మిట్ట ఎక్కడమంటే ప్రాణం మీదికొచ్చేది. యుద్ధం వచ్చి పెట్రోలు దొరక్క, బస్సు వెనక బొగ్గుల పొయ్యి తగిలించిన రోజులవి. మదనపల్లెలో బయలుదేరి, పుంగనూరు దాటి, కుప్పం రైలు స్టేషను చేరవలసిన బస్సు కుప్పమ్మ ఊరి ముందు మిట్టకాడ రొప్పుతూ నిలిచిపోయేది. అందరూ దిగి తోసేవాళ్లు.

రోడ్లు చూసే పెద్దలకు ఆ మిట్ట నచ్చలేదు. ఊరిని అడిగారా? ఎందుకడుగుతారు! కొండను చుట్టి కొత్త రోడ్డు వేశారు, పాతదాన్ని లెక్కలోంచి కొట్టేశారు. ఊరి ముందు మిగిలిన ముక్కకు ఒక కొస కంపచెట్లలో, ఇంకో కొస రెడ్డెప్ప చేనిగట్టున. ఎక్కడికీ పోని రోడ్డు.

కుప్పమ్మ కూతురు రమణమ్మకు నెలలు నిండుతున్నాయి. తొలికాన్పులో బిడ్డ అడ్డం తిరిగి చచ్చింది. రమణమ్మను మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో బతికించారు. ఈసారి నొప్పులు రాకముందే వచ్చి పడుకోమన్నారు. బస్సు లేకుండా ఎట్లా పోయేది?

మైలురాళ్లు పీకి కొత్త రోడ్డుకు తీసుకుపోతారని తెలియగానే కుప్పమ్మకు ఒక ఆలోచన తట్టింది. రాయి ఉంటే రోడ్డున్నట్టే, రోడ్డుంటే బస్సు రాక చస్తుందా! ఆడవాళ్లంతా మైలురాయిని కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఎర్ర రవికగుడ్డ కట్టారు. దోవగంగమ్మ అని పేరు పెట్టారు.

రోడ్డు మేస్త్రీ అహరోను కూలీలతో, బండితో వచ్చాడు. రాయిని చూడగానే కూలీలు గడ్డపారలు కింద పెట్టేశారు.

"ఏందమ్మా ఇది? పోయిన నెల దాకా రాయే గదా!"

"పోయిన నెల దాకా నువ్వూ మంచోడివే గదప్పా. ఇప్పుడు గడ్డపార యాల తెచ్చినావు?" అంది కుప్పమ్మ.

అహరోను నవ్వాడు. "నేను ఏసయ్య బిడ్డను, నాకు బయం లేదు. ఈళ్లకుండాది. పీకను లే. అయితే డ్రైవరు రాయిని సూసి వస్తాడామ్మా? రేపట్నుంచి బస్సు కొండవతలే. నడిమద్దెన చెయ్యెత్తినా నిలపరంట."

కుప్పమ్మ గుండెలో రాయి పడింది.

"డ్రైవరు మునిరత్నమే గదా?"

"ఆయప్పే."

"గంగమ్మ కనబడితే కర్పూరం ముట్టించకుండా బండి కదలనియ్యడే! పీకప్పా రాయి."

"అమ్మోరిని పీకేదా?" అని ఆడవాళ్లు గొల్లుమన్నారు.

"బస్సు యాడికి పోతే ఆయమ్మా ఆడికే. దోవ లేని సోట దోవగంగమ్మకేం పని?"

పలక డప్పు కొట్టుకుంటూ రాయిని బండిలో తీసుకుపోయారు. కొత్త రోడ్డు పక్కన అహరోనే గుంత తవ్వి నాటాడు. "నేను రాయి నాటినా. మీరేం నాటుకున్నారో నాకు తెలీదు" అన్నాడు.

మరునాడు కుప్పం నుంచి బస్సొచ్చింది. పసుపు చూడగానే మునిరత్నం నిలిపి, చెప్పులు విడిచి దిగాడు. కుప్పమ్మ కూతురిని పట్టుకుని మెట్టు దగ్గరికి వెళ్లింది.

"ఈడ స్టాపు లేదు!" కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"లేకుంటే ఎట్లా నిలబడుండాదప్పా? గంగమ్మకు నిలిపినోళ్లు కడుపుతో ఉండే బిడ్డకు నిలపరా?"

మునిరత్నం రమణమ్మ కడుపు చూశాడు. కండక్టరు చెయ్యి తనే తీశాడు. "ఎక్కండమ్మా ఇద్దరూ."

"వచ్చేటప్పుడు ముగ్గురం వస్తామప్పా" అంది కుప్పమ్మ, కూతుర్ని ముందుకు తోస్తూ. "ఈడనే నిలపాల."